దమ్మున్న అత్త

మొన్న పొద్దున మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ రాలిన ఆకులను కుప్పచేసి అంటించాడు. పొగ మా అంతస్తుకు ఎక్కేలోపే నా చెయ్యి ఇన్హేలర్ కోసం తడుముకుంది. ఉబ్బసం మా ఇంటి ఆడవాళ్లకు దిగిన ఆస్తి. ముక్కుపుడకలు, పట్టుచీరలు ఎవరెవరికో పోయాయి గానీ ఇది మాత్రం మేనత్త నుంచి నేరుగా నాకే వచ్చింది.

ఎనభైల్లో నాకు టీచరుగా మొదటి ఉద్యోగం భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న అత్త వాళ్ల ఊళ్లోనే వచ్చింది. వాళ్లింట్లోనే ఉండేదాన్ని. ఆ ఇంట్లో పంచాంగం అక్కర్లేదు. అత్త గొంతులో పిల్లికూతలు మొదలైతే కాలం మారుతున్నట్టు. తొలకరి మట్టివాసనకు లోకమంతా మురిసిపోతుంటే ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ముసురు పట్టి గోడలు చెమ్మగిల్లితే దగ్గు. చలికాలం మంచు దిగితే ఆయాసం. కాస్త తెరిపినిచ్చేవి శివరాత్రి దాటాక వచ్చే పొడి ఎండలే. సరిగ్గా అప్పుడే ఇప్పపూలు రాలేవి. పూలు కనబడాలని చెట్ల కింద ఎండుటాకులకు నిప్పు పెట్టేవారు. ఉన్న ఒక్క మంచి కాలాన్నీ పొగ మింగేసేది.

పక్క గూడెం నుంచి పూలేరడానికి వచ్చే ఒక అవ్వతో మామ చెప్పాడు: "మా ఇంటామెకు దమ్మున్నది అవ్వా. ఇంటెనక చెట్ల కింద అగ్గి పెట్టకుండ్రి." మా వైపు ఉబ్బసాన్ని దమ్ము అనే అంటారు. కోయభాషలో పుట్టి పెరిగిన అవ్వకు తెలిసిన దమ్ము వేరు. "దమ్మున్నదా, మంచిదే గద," అని నవ్వి, మర్నాడూ అగ్గి పెట్టింది. మామకు కోపం వచ్చింది. నాకూ వచ్చింది, చదువుకున్న కోపం కాబట్టి ఇంకాస్త ఎక్కువే వచ్చింది.

ఆ పొద్దున అత్త వెనక వాకిట్లో మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. మెడ నరాలు ఉబ్బి, పెదవులు నల్లబడ్డాయి. మాట రావడం లేదు. ఈ ఒక్క ఊపిరి లోపలికి పోతే చాలు దేవుడా అనుకుంటూ, నేను ఆమె వీపు రాస్తూ ఏడుస్తున్నాను. గంప ఎత్తుకుని అటుగా వచ్చిన అవ్వ ఆమెను చూసి ఆగిపోయింది. గంప దించి, పరుగున పోయి పచ్చికొమ్మలతో మంటను కొట్టి ఆర్పింది. పొగ తగ్గి అత్త ఊపిరి కుదుటపడ్డాక వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది.

"దమ్మున్నదంటే గుండె గట్టిదనుకున్న బిడ్డా. గిట్ల అని నాకు తెల్వకపాయె."

నవ్వితే దగ్గు వస్తుందని అత్త నోరు మూసుకుని నవ్వింది. "అవ్, గుండె గూడ గట్టిదే," అంది.

మర్నాటి నుంచి మా ఇంటి వెనక చెట్ల కింద నిప్పు లేదు. అవ్వా, ఆమె కోడళ్లూ తెల్లారకముందే వచ్చి ఆకులన్నీ ఊడ్చేవాళ్లు. నిప్పుతో క్షణంలో అయ్యే పనికి వాళ్ల నడుములు పడిపోయేవి. ఆ చప్పుడుకు అత్త అటువైపు తిరిగి మళ్లీ నిద్రపోయేది. ఆమె అలా నిద్రపోవడం చూస్తే నాకు ఎంత సంతోషంగా ఉండేదో.

కొన్నేళ్లకు ముసురే ఆమెను తీసుకుపోయింది. వాగు పొంగి బస్సులు ఆగిపోయిన ఆ వానల్లో, దవాఖానకు చేర్చే దారి లేకపోయింది. మరుసటి ఇప్పపూల కాలంలో, తెల్లారుతుండగా ఇంటి వెనక మళ్లీ చీపుళ్లు వినబడ్డాయి. మామ బయటికి వెళ్లి, "ఇంక ఎవలున్నరని ఊడుస్తున్నరు అవ్వా? అగ్గి పెట్టుకోండ్రి," అన్నాడు.

అవ్వ తల ఎత్తలేదు. "ఆమె పండుకునే యాళ్ల గద బిడ్డా," అంది, ఊడుస్తూనే.

ఇన్నేళ్లు గడిచినా, ఎండాకాలం వచ్చిందని నాకు తెలిసేది ఆ చీపుళ్ల చప్పుడు గుర్తొచ్చినప్పుడే.