పెద్దమ్మకు దక్కని కొసరు

మంగళవారం పొద్దున డ్యూటీకి బస్సెక్కుతుంటే పాతపట్నం నుంచి ఫోను. మా పెద్దమ్మ పోయింది. భూస్థాపన మర్నాడే అన్నారు. సెలవడిగితే మా సూపర్‌వైజరు, "కన్నతల్లి కాదు కదా" అన్నాడు. ఆ మాట దాచుకున్నాను. కక్ష దాచుకోవడం నాకు నేర్పిందే పెద్దమ్మ.

కువైట్‌కు నాకంటే ముందే నర్సుగా వచ్చింది. నన్ను రప్పించిందీ ఆవిడే. ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఇక్కడ చర్చికి శుక్రవారమే వెళతాం, అక్కణ్ణించి తిన్నగా కూరగాయలకు. నేనొచ్చిన కొత్తలో ఓ పెద్ద సూపర్‌మార్కెట్లో బెండకాయల గుట్ట ముందు నిలబడి, మన సంతలో లాగే ఒక్కోదాని కొన విరిచి చూసింది. టప్పున విరిగితే సంచిలోకి, సాగితే మళ్లీ గుట్టలోకి. తూకం దగ్గరున్నవాడు చూశాడు. ఆవిడ వద్దన్న ముదురుకాయలన్నీ ఏరి సంచిలో కుమ్మరించి, తూచి, స్టిక్కర్ అంటించాడు. పెద్దమ్మ అలవాటు చొప్పున ఇంకో కాయ తీసి కొసరు వేసుకుంది.

వాడు గార్డును కేకేశాడు. అందరి ముందూ సంచి విప్పించారు. లైన్లో మా వార్డు డాక్టరుగారు కూడా ఉన్నారు.

వారమంతా ఆ ముదురు బెండకాయల పులుసే తిన్నాం. పీచు నములుతూ పెద్దమ్మ అంది: "ఆడి సేత్తో ఆడే నా సంచిలో కొసరు ఏసేదాకా ఒగ్గనే."

"పోనీ పెద్దమ్మా. క్షమించమని ప్రభువే సెప్పినాడు గదా."

"క్షమించమన్నాడు. కొసరు ఒగ్గీమన్లేదు."

తర్వాతి శుక్రవారం చర్చిలో ఉన్న తెలుగు నర్సులందరినీ వెంటేసుకుని వెళ్లింది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బెండకాయ, ఒక్కో సంచి. లైను చేపల దాకా పోయింది. వాడు పళ్లు నూరుతూ అన్నీ తూచాడు, అన్నిటికీ స్టిక్కర్లు అంటించాడు. కొసరు మాత్రం వెయ్యలేదు. మరో వారానికి గుట్ట మీద ఓ బోర్డు వెలిసింది. విరిగిన బెండకాయ బొమ్మ, దాని మీద ఎర్రటి అడ్డగీత. పెద్దమ్మ దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుని ఊరికి పంపింది.

హోటళ్లనూ వదల్లేదు. ఓ చోట మారు అన్నం అడిగితే ఇంకో భోజనం కింద లెక్క కట్టారు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా చేతిసంచిలో ఆవకాయ సీసా పట్టుకెళ్లేది. ఊరికే ఇచ్చే ఉల్లిపాయలు, నిమ్మబద్దలు సర్వర్ కాళ్లరిగేదాకా తెప్పించేది. "ఏటలా సూస్తావు? తిను. ఆడి వంటింట్లో ఉల్లిపాయ మిగలకూడదు," అనేది. నాకు నవ్వాగేది కాదు. ఆవిడ మాత్రం నవ్వకుండా తినేది. అవమానం జరిగిన చోటే కడుపు నిండా తినాలన్నది ఆవిడ పద్ధతి. పరాయి ఊళ్లో నేను తలొంచుకోకుండా బతుకుతున్నానంటే ఆ పద్ధతి చలవే.

రిటైరై ఊరెళ్లిపోయాక కూడా ఫోన్లో మొదటి ప్రశ్న అదే. తిన్నావా అని కాదు.

"కొసరు ఏసినాడేటే?"

"లేదు పెద్దమ్మా."

"ఏస్తాడు సూడు. ఆడికంటే ముందు నాను పోనులే."

పోయింది.

మొన్న శుక్రవారం ఆ కొట్టుకే వెళ్లాను. బోర్డు ఎండకు వెలిసిపోయినట్టు పాలిపోయింది, ఇంకా అక్కడే ఉంది. దాని కిందే నిలబడి కొనలు విరిచాను. టప్, టప్. సెలవివ్వనివాడి మీద కోపం, చెప్పకుండా పోయిన పెద్దమ్మ మీద కోపం, అన్నీ వేళ్లలోకి వచ్చాయి. తూకం దగ్గరివాడు చూశాడు గానీ గార్డును పిలవలేదు. జుట్టు బాగా నెరిసింది. వచ్చీరాని హిందీలో, "అమ్మ ఎక్కడ?" అన్నాడు.

చనిపోయిందన్నాను.

తూచాడు. స్టిక్కర్ అంటించాడు. గుట్టలోంచి ఒక లేత కాయ ఏరి నా సంచిలో వేశాడు.

ఇక్కడున్నన్నాళ్లూ ఆ ఒక్క కాయ కోసమే పెద్దమ్మ ఆ మెట్లెక్కింది. అది పడాల్సింది ఆవిడ సంచిలో, ఆవిడ కళ్లముందు. నాకు ఒళ్లు మండిపోయింది. కాయ తీసి వాడి తూకం మీదే పెట్టేసి వచ్చేశాను.

తలుపు దగ్గర వెనక్కి చూశాను. వాడు ఇంకా దాన్ని తియ్యలేదు. తూకం మీద ఒంటి బెండకాయ, పక్కన వెలుగుతున్న అంకెలు, వెనక లైన్లో ఎదురుచూస్తున్న జనం.