మెట్టుగూడ ఏజెంటు

ఎమ్మెల్యే చనిపోయి ఖాళీ అయిన సీటుకు ఉప ఎన్నిక. మెట్టుగూడలో ఒక పోలింగ్ బూత్‌కు నేను ప్రిసైడింగ్ ఆఫీసర్ని. ఎవరు గెలిచినా పదుల ఓట్ల తేడాతోనే అని అందరూ అనుకుంటున్నారు.

ఒక పార్టీ ఏజెంటుగా కూర్చున్న పెద్దాయన రైల్వేలో టికెట్ కలెక్టర్‌గా రిటైరయ్యారు. అనుమానం వస్తే చాలు, పెన్నుతో బల్లను రెండుసార్లు కొట్టి "జెర ఆగున్రి" అనేవారు. ఆ చప్పుడుకు క్యూ మొత్తం బిగుసుకుపోయేది. నాకైతే చిరాకేసేది.

మధ్యాహ్నం ఒక యువకుడు వచ్చాడు. కార్డు మీద ఫొటో మసకగా ఉంది. అవతలి పార్టీ ఏజెంటు తలెత్తలేదు. నేను సరేననబోతుంటే పెన్ను రెండుసార్లు మోగింది.

"జెర ఆగున్రి. ఆ పేరు ఈనెది కాదు సార్."

"మీకెలా తెలుసు?"

"నా అల్లుడు."

అతను గొంతు తగ్గించాడు. "మామా, ఓటు మన పార్టీకే గదా!"

"ముప్పయేండ్లు టికెట్ లేనోళ్లను బండి దించిన. నిన్నెట్ల ఎక్కనిస్త?"

అతన్ని పోలీసులకు అప్పగించక తప్పలేదు. పెద్దాయన అటు చూడలేదు. ఓటర్ల జాబితాలో తర్వాతి పేరు మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు.

సాయంత్రం మిషన్లకు సీలు వేశాం. ఆయన సంతకం చేశారు. నేను లేవబోతుంటే పెన్ను బల్లకు ఒక్కసారే, మెల్లగా తగిలింది.

"జెర ఆగున్రి సార్. ఇంటికి పోతే తలుపు తీసేది నా బిడ్డే."