చెల్లి బిగించిన పదకొండు కళ్ళజోళ్ళు

మా చెల్లికి చిన్నప్పటి నుంచీ చెయ్యెత్తే జబ్బు ఉంది. క్లాసులో టీచర్ ప్రశ్న పూర్తి చెయ్యకముందే దీని చెయ్యి గాల్లో ఉండేది. జవాబు తెలుసా లేదా అన్నది చెయ్యి లేచాక ఆలోచించుకునేది. అలాగే పదేళ్ళు నెట్టుకొచ్చింది. నెట్టుకురావడమేంటి, ఏటా మొదటి ముగ్గురిలో ఒకతి. అంతకుముందు నేను కూడా ఆ బడిలోనే చదివాను కాబట్టి, "ఆ పిల్ల నిజంగా నీ చెల్లెలేనా?" అని టీచర్లు నన్ను ఆపి మరీ అడిగేవాళ్ళు. నేను కాలేజీ రెండో ఏడాదిలో మానేసి బండి మీద పార్శిళ్ళు అందిస్తున్నాను. నా సంగతి ఇక్కడితో చాలు.

బడి అయిపోగానే చెల్లి పై చదువు వద్దంది. ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. నేను మానేస్తే ఎవరూ ఆశ్చర్యపోలేదు, అది వేరే విషయం. అమ్మ మాత్రం వారం రోజులు దీనితో ముభావంగా ఉంది.

"లెక్కల్లో అన్ని మార్కులు తెచ్చుకుని ఏం లాభమే?"

"వాళ్ళిచ్చిన లెక్కలు చాలా చేశానమ్మా. ఇక ఏదైనా వస్తువు చేస్తాను. చేతిలో పట్టుకుని చూసుకునేది."

కళ్ళజోళ్ళ షాపులో పని దొరికింది. ముందు గదిలో అద్దాల అల్మరాలు, తెల్లటి లైట్లు, నవ్వు మొహంతో ఓనర్. పక్కనున్న తెర తీస్తే వెనక సన్నటి గది. చెల్లి చోటు అక్కడ. రెండు బల్లలు, నీళ్ళు కారుతూ అద్దాలు అరగదీసే మిషను, దాని కింద తొట్టిలో తెల్లటి బురద, పక్కింటి గోడ తప్ప ఏమీ కనిపించని కిటికీ. ఒక్కో పనికి ఒక్కో ప్లాస్టిక్ ట్రే. అందులో ఒక ఫ్రేము, రెండు అద్దాలు, డాక్టర్ రాసిన చీటీ.

ఆ గదిలో ఇద్దరుండేవాళ్ళు. పెద్దాయన ముప్పై ఏళ్ళుగా అద్దాలు బిగిస్తున్నాడు. ఫ్రేములు బాగుచేసే ఆవిడ మేకుల్లాంటి చిన్న చిన్న స్క్రూలు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడుతుంది కాబట్టి అందరికీ స్క్రూ అక్క.

ఓనర్ మొదటి రోజే తేల్చి చెప్పాడు. "మూడు నెలలు చూస్తాను. నచ్చితే ఉంటావు. లేకపోతే ఎవరి దారి వాళ్ళది."

చెల్లికి భయం వెయ్యలేదట. మూడు నెలలంటే ఒక పరీక్ష, పరీక్షంటే దానికి పండగ. దానికి మింగుడుపడనిది ఇంకొకటి. మొదటి జత అద్దాలు బిగించి, తుడిచి, ట్రేలో పెట్టి, అక్కడే నిలబడిపోయిందట.

"ఏంటమ్మాయ్, కరెంటు పోయిన ఫ్యానులా ఆగిపోయావు?" అంది స్క్రూ అక్క.

"బాగుందో లేదో చెప్తారని..."

"కస్టమర్ తిరిగి రాకపోతే బాగున్నట్టే. పో, ఇంకో ట్రే తీసుకో."

సాయంత్రం నా దగ్గర ఒకటే గోల. "ఎవరూ ఏమీ అనరు అన్నయ్యా. తప్పనరు, ఒప్పనరు. మార్కులు లేకుండా నేనెక్కడున్నానో నాకెలా తెలుస్తుంది?"

"నేను పుట్టినప్పటి నుంచీ అలాగే ఉన్నాను. అలవాటవుతుందిలే" అన్నాను.

దానికి అలవాటు కాలేదు. ఒక నోటుబుక్కు కొనుక్కుని, బిగించిన ప్రతి జతా నంబరుతో సహా రాసుకోవడం మొదలుపెట్టింది. మార్జిను గీసి, కొలతలు నీలం ఇంకుతో, నియమాలు ఎర్ర ఇంకుతో. తనకు తానే టీచరన్నమాట.

రెండో నెలలో పెద్దాయన కంటికే పొర వచ్చింది. ఊరందరి చూపూ సరిచేసే మనిషి, ట్రే మీద నంబరు చదవలేక దీన్ని పిలిచి చదివించుకునే స్థితికి వచ్చాడు. ఆపరేషన్, తర్వాత మూడు వారాల విశ్రాంతి. అప్పటిదాకా చెల్లి మామూలు పవర్ అద్దాలే బిగించేది. కొందరికి పవర్‌తో పాటు ఒక కోణం కూడా రాస్తారు. అద్దం సరిగ్గా ఆ కోణంలో కూర్చోకపోతే ఎదురుగా ఉన్న గోడ కూడా వాలినట్టు ఉంటుంది. ఆ పని అన్నేళ్ళుగా పెద్దాయన ఒక్కడిదే.

"కోణాలవి ఈ మూడు వారాలూ బయట చేయిద్దామా?" అన్నాడు ఓనర్.

దీని చెయ్యి లేచింది. "నాకొచ్చు సార్."

రాదు. పెద్దాయన ఆసుపత్రికి వెళ్ళేముందు రోజు పొద్దున ఒక గంటసేపు చూపించాడంతే. ఆయన కొలిచే మిషను ముందు కూర్చుని అద్దం పెట్టి తిప్పుతుంటే, ఇది బల్లకు అవతల నిలబడి చకచకా రాసుకుంది. ఆయనకు అద్దం ముందు వైపు కనిపిస్తోంది. ఎదురుగా ఉన్న దీనికి వెనక వైపు, అంటే కంటికి ఆనుకునే లోపలి వైపు కనిపిస్తోంది. ఇది తనకు కనిపించిందే రాసుకుంది. 'లోపలి వైపు మనవైపు ఉండాలి' అని ఎర్ర ఇంకుతో, కింద రెండు గీతలతో. అంత నీటుగా రాసింది తప్పెలా అవుతుంది?

అద్దం తిరగేస్తే కోణం కూడా తిరగబడుతుంది. ముప్పై అనుకున్నది నూట యాభై అవుతుంది. చెల్లి బిగించాక కూడా రెండేసి సార్లు సరిచూసుకునేది. కానీ అదే మిషను మీద, అదే తిరగేసిన పద్ధతిలో. అందుకని రెండుసార్లూ సరిగ్గా ముప్పయ్యే చూపించేది. ఆ మూడు వారాల్లో ఒక్కరూ తిరిగి రాలేదు. ఓనర్ ముందు గదిలోంచి తొంగిచూసి, "పెద్దాయన్ని ఇక ఇంటికి పంపించెయ్యొచ్చేమో" అని జోకు కూడా వేశాడు. చెల్లి ఆ మాటని ఇంటికి తెచ్చి, అమ్మకు నాలుగుసార్లు వినిపించింది.

పెద్దాయన నల్ల కళ్ళజోడు పెట్టుకుని తిరిగొచ్చిన రోజే ఒక దర్జీ ఆవిడ వచ్చింది. కళ్ళజోడు బల్ల మీద టక్కున పెట్టింది.

"ఇది పెట్టుకున్నప్పటి నుంచీ గుడ్డ తిన్నగా పరిచినా వంకరగానే కనిపిస్తోందండీ. నిన్న ఒక జాకెట్టుకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి కుట్టాను. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ జరగలేదు. కస్టమర్ అంది కదా, ఈ పొడుగు చెయ్యి మీ ఆయనకా అని!"

స్క్రూ అక్క నోట్లోంచి ఒక స్క్రూ కింద పడింది నవ్వుకి. చెల్లి నవ్వలేదు. పెద్దాయన కళ్ళజోడు మిషనులో పెట్టి చూశాడు. చీటీలో ముప్పై. మిషనులో నూట యాభై.

"ఒక్కోసారి జరుగుతుందమ్మా. ఒక్కదానివే పని లాక్కొచ్చావు, అలసిపోయుంటావు" అన్నాడు చెల్లితో. ఒక్క మాట గట్టిగా అనలేదు. కొత్త అద్దాలు తీసి తనే బిగించడానికి కూర్చున్నాడు.

చెల్లి ఈసారి ఆయన వెనక నిలబడింది. ఆయన భుజం మీదుగా చూసింది. అద్దం ముందు వైపు ఆయన వైపు ఉంది. అప్పుడు తెలిసింది దానికి.

ఆ సాయంత్రం నేను బండి తుడుచుకుంటుంటే మెట్ల మీద వచ్చి కూర్చుంది. నోటుబుక్కు ఒళ్ళో ఉంది. ఆ మూడు వారాల్లో కోణంతో బిగించినవి మొత్తం నలభై మూడు జతలు. వాటిలో నిలువు, అడ్డం కోణాలున్నవి తిరగేసినా ఒకటే కాబట్టి గండం గడిచింది. ఏటవాలు కోణాలున్నవి పన్నెండు. దర్జీ ఆవిడది తీసేస్తే పదకొండు.

"ఎవరికి తెలుసు?" అన్నాను.

"నీకూ నాకూ."

"అయితే నోరు మూసుకో. ఇంకా పద్దెనిమిది రోజుల్లో మూడు నెలలు పూర్తవుతాయి. ఉద్యోగం ఖాయం అయ్యాక మెల్లగా చెప్పు. ఇప్పుడు చెప్తే నిన్ను బయటికి పంపించి, ఆ తెర వేసేసుకుంటారు. తప్పు నువ్వే తిన్నగా తీసుకెళ్ళి చేతిలో పెట్టడమేంటి, పిచ్చా?"

"వాళ్ళు తిరిగి రాలేదు కదా అన్నయ్యా."

"అదే నేను చెప్పేది. రాలేదు."

"రాలేదంటే బాగున్నట్టు కాదు. తల నొప్పి పుడితే కళ్ళజోడుని అనుకోరు, తమ కళ్ళే పాడయ్యాయనుకుంటారు. డాక్టర్ రాశాడు, షాపువాళ్ళు బిగించారు, ఇంకెవర్ని అనుమానిస్తారు?"

నేను చెప్పినదాంట్లో తప్పేమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను. పదహారేళ్ళ పిల్ల, మొదటి ఉద్యోగం. కానీ దాని మొహం చూసి, బండి రెండోసారి తుడిచాను.

మర్నాడు అందరికంటే ముందు వెళ్ళి, పెద్దాయన రాగానే నోటుబుక్కు బల్ల మీద తెరిచి పెట్టిందట. ఆయన ఒక కన్ను మూసి, ఎర్ర ఇంకు గీతల్ని దగ్గరగా చదివాడు.

"నిన్న నేను తిట్టి ఉంటే నిన్నే చెప్పేదానివా?"

"తెలీదండీ. నిన్న నాకు భయం వేసింది."

"నేనూ నిన్ను అవతల నిలబెట్టి చూపించాను. అది నా తెలివితక్కువ" అన్నాడాయన. అని, తన స్టూలు పక్కకు జరిపి, దాని కుర్చీ ఇటు లాగి, "కూర్చో. ఓనర్‌కు మాత్రం నువ్వే చెప్పాలి. నేను రాను" అన్నాడు.

ఓనర్ నవ్వు మొహం ఆ రోజు కనిపించలేదు. తెర వెనక గదిలోకి వినిపించేలా అరిచాడు. "నాకొచ్చు సార్ అన్నావు! అన్నావా లేదా?" అన్నానని ఒప్పుకుంది చెల్లి. "రాదని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?" పదేళ్ళ బడిలో రాదు అనడం దానికి ఎవరూ నేర్పలేదు, అది నేర్చుకోనూ లేదు. నాకు ఆ ఒక్క సబ్జెక్టులో మంచి మార్కులొచ్చేవి.

కాస్త చల్లబడ్డాక ఓనర్ షాపు పరువు గురించి ఆలోచించాడు. "పదకొండు మందికీ నువ్వే ఫోన్ చెయ్యి. ఉచితంగా చెక్ చేస్తున్నామని చెప్పు. తప్పు గిప్పు అనకు. ఇవన్నీ అయ్యేదాకా ఉండు. తర్వాత సంగతి తర్వాత."

మొదటి ముగ్గురికీ అలాగే చెప్పింది. ముగ్గురూ ఖాళీ లేదన్నారు. నాలుగో ఫోన్‌కు దానికి విసుగొచ్చింది. "అండీ, మీ కళ్ళజోడు బిగించిన అమ్మాయిని. తప్పుగా బిగించాను. ఒకసారి తీసుకురండి, మార్చి ఇస్తాం." ఆ మనిషి గంటలో షాపు ముందున్నాడు. మొదటి ముగ్గురికీ మళ్ళీ చేసి నిజం చెప్పింది. ఓనర్ వింటూనే ఉన్నాడు, అడ్డు మాత్రం చెప్పలేదు.

ఒకావిడ ఫోన్‌లోనే ఏకిపారేసింది. ఇది ఫోన్ చెవికి కాస్త దూరంగా పట్టుకుని, ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడల్లా "అవునండీ" అంది. కాలేజీ కుర్రాడొకడు, తలనొప్పి భరించలేక కళ్ళజోడు సంచిలో పడేసి ముందు బెంచీకి మారిపోయాడట. ఒక ముసలాయన్ని కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. మెట్లు వంకరగా కనిపిస్తున్నాయని, వయసైపోయిందనుకుని, ఆయన మేడ మీద తన గది వదిలేసి కింద హాల్లో పడుకుంటున్నాడు. కొత్త అద్దాలు పెట్టుకుని షాపు ముందున్న మూడు మెట్లూ దిగాడు, ఎక్కాడు, మళ్ళీ దిగాడు.

"మెట్లు బాగుచేయించారా?" అన్నాడు.

చెల్లి లోపలికి వెళ్ళి మిషను తొట్టి కడిగింది. తొట్టి అప్పటికే శుభ్రంగా ఉందని స్క్రూ అక్క తర్వాత నాతో చెప్పింది.

పదిమంది వచ్చారు. పదకొండో మనిషి ఒక గోడౌన్ వాచ్‌మన్, రానన్నాడు. చెల్లిని నా బండి మీద అక్కడికి తీసుకెళ్ళాను. "ఇప్పుడిప్పుడే అలవాటు పడ్డాను తల్లీ, మళ్ళీ మార్చకు" అని కళ్ళజోడు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇది గేటు పక్కనే నిలబడి అరగంట బతిమాలింది. చివరికి ఇచ్చాడు, దాని మీద నమ్మకంతో కాదు, వదలదని అర్థమై. మర్నాడు మార్చిన జోడు పెట్టుకుని రోడ్డు అవతలి బోర్డు చదివి, "నిన్న కూడా ఇలాగే కనిపించింది" అన్నాడు మొండిగా. కానీ మళ్ళీ తియ్యలేదు.

మూడు నెలలు పూర్తయిన రోజు నేను కాస్త ముందే ఇంటికి చేరాను. అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. చెల్లి చెప్పులు విప్పుతుండగానే అడిగేసింది.

"ఉంచుకున్నారా?"

"ఇవాళ్టి నుంచి మళ్ళీ మూడు నెలలు చూస్తారట. కోణాలవి పెద్దాయన పక్కన కూర్చునే చెయ్యాలట."

అమ్మ మొహంలో రంగు మారింది. ఆ తర్వాత అన్న మాట మా ఇంట్లో నా విషయంలో తప్ప ఎప్పుడూ వాడలేదు. "అంటే... తప్పావా?"

"తప్పానమ్మా" అంది చెల్లి. కాళ్ళు కడుక్కుని వచ్చి కంచం ముందేసుకుంది. "అన్నయ్యా, రేపు ఎనిమిదింటికి నన్ను దింపు. పద్నాలుగు ట్రేలున్నాయి."