ఆక్సిజన్ పెట్టెలో పలికిన గొంతు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లని ఏడిపించడం నాకు భలే సరదా. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పాత షెడ్ వెనక తెల్లచీర కనబడిందని ఎవరైనా అంటే, "అచ్ఛా, నైట్ డ్యూటీ పడిందేమో పాపం" అనేదాన్ని. అలాంటి నేనే ఇది రాస్తున్నాను, ఏం చెయ్యను!

ఎనభైల్లో మాట. మా నాన్న బొగ్గు గూడ్సు నడిపే డ్రైవరు. గొంతులో గడ్డ లేచింది, క్యాన్సరన్నారు. బొంబాయి తీసుకెళ్లాం. అక్కడి ఆస్పత్రిలో కొత్త పద్ధతి ఒకటి చేసి చూస్తున్నారు. మనిషిని ఇనప పెట్టెలాంటి దాంట్లో పడుకోబెట్టి, తలుపు బిగించి, ఒత్తిడితో ఆక్సిజన్ ఎక్కిస్తారు. ఒంట్లో అది నిండితే రేడియేషన్, అదే మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే, అది గడ్డ మీద గట్టిగా పనిచేస్తుందని డాక్టరు చెప్పాడు.

నాన్నకి ఆ పెట్టె అంటే ప్రాణభయం. తలుపు బిగించగానే చంటిపిల్లాడిలా గింజుకునేవాడు. ఓ రోజు మధ్యాహ్నం పెట్టెకున్న అద్దాన్ని బాదుతూ తలుపు తీసెయ్యమని సైగ చేశాడు. ఇప్పుడు బయటికొస్తే ఇక ఈ వైద్యం కుదరదని డాక్టరు తేల్చేశాడు. నాకు ఏడుపొచ్చేసింది.

అంతలో, లోపలి మాట బయటికి వినిపించే మైకులోంచి నాన్న బొంగురు గొంతు వినబడింది. "హరా." డ్యూటీలో పచ్చ సిగ్నల్ కనబడితే డ్రైవరు అలా పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి చెప్పాలి. అలవాటు కొద్దీ అన్నాడనుకున్నాను.

"హరా, మావా!" అని జవాబొచ్చింది.

అది సింహాచలం గొంతు. నాన్న బండిలో అసిస్టెంటు, నాన్నని మావా అనే పిలిచేవాడు. వాడు అప్పుడు బిలాస్‌పూర్‌లో ఉన్నాడు.

నాన్న బాదడం ఆపి నిమ్మళంగా పడుకున్నాడు. మిషను చూసే అతను మైకు వైరు పీకి మళ్లీ పెట్టి, లోపల ఇంకెవరున్నారని నన్నే అడిగాడు. అంటే అతనికీ వినబడింది. పెట్టెలో నాన్న ఒక్కడే.

ఆ తర్వాత నాన్న ఒక్కరోజూ గింజుకోలేదు. వైద్యం పూర్తయి ఇంటికొచ్చాక సింహాచలం, భార్య చూడ్డానికొచ్చారు. నేనింకా ఆ సంగతి ఎత్తనే లేదు.

"ఏటో అప్పా, మీరెళ్లిన కాడ్నుంచీ మధ్యాన్నం కునుకు తీస్తూ ఈ మనిషి లేచి కూకుని 'హరా, మావా' అని అరుస్తన్నాడు" అంది ఆ పిల్ల నవ్వుతూ. అక్కా అనడానికి వాళ్లిద్దరూ నన్ను అప్పా అంటారు.

సింహాచలం నవ్వలేదు. "మావ పిల్తే పలక్కపోతే ఎలాగప్పా? బండి కదల్దు గదా" అన్నాడు.



నాన్న చాలా ఏళ్లు బతికాడు. ఆక్సిజనూ కరెంటూ కలిసి బతికించాయనే ఇప్పటికీ చెబుతాను. ఆ గొంతు ఎక్కణ్నుంచి వచ్చిందంటే మాత్రం నాకు తెలీదు, బుర్ర బద్దలు కొట్టుకున్నా తెలీలేదు. సింహాచలాన్ని మళ్లీ అడగలేదు. అడిగితే వాడేం చెబుతాడోనని భయం.