విలనుగారి గొంతు

వీధిలో అందరూ ఆయన్ని విలనుగారనే పిలిచేవారు. మనిషి చూస్తే చీమకైనా అపకారం తలపెట్టని రకం. ఆకాశంలో ఎగిరే వీరుల సినిమాలు పరాయి భాషలోంచి వచ్చినప్పుడల్లా విలనుకు గొంతు ఇచ్చేది ఆయనే. తలుపులు బిగించిన చిన్న గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తెరమీద పెదాలు కదిలినంతసేపూ అరవడం, గోరువెచ్చని నీళ్లు తాగి మళ్లీ అరవడం. జుట్టు నెరిసేదాకా అదే బతుకుతెరువు.

అరిచి అరిచి ఆయనకొక అనుమానం పట్టుకుంది. ఒకరోజు గొంతు ఇస్తున్న సినిమాలో విలను, నదిని అమ్ముకున్న పెద్దమనుషుల్ని నిలదీస్తాడు. ప్రతి మాటా న్యాయమే. ఆ వెంటనే వాడే వెళ్లి ఒక బడిని పేల్చేస్తాడు.

"ఇంతసేపూ సబబుగా మాట్లాడినవాడికి బడితో ఏం పనయ్యా?" అని డబ్బింగ్ దర్శకుణ్ణి అడిగాడు.

"పేల్చకపోతే జనం వాడి పక్షాన చేరిపోతారు గురువుగారూ. అప్పుడు హీరో ఎవర్ని కొడతాడు? కానివ్వండి, ఇంకో టేక్."

నిట్టూర్చి, బడి పేల్చాడు.

కొన్నాళ్లకు వాళ్ల వీధిమీదుగా వంతెన వస్తుందని, ఇళ్లు ఖాళీ చెయ్యాలని గోడలకు నోటీసులు అంటించారు. "మాకు నోరు పెగలదు, మీకంత గొంతుంది" అంటూ ఇరుగుపొరుగు ఆయన్నే అధికారి ముందుకు తోశారు.

"అయ్యా, మేమంతా ఎక్కడికి పోవాలి..." అన్నాడో లేదో అధికారి ముఖం వెలిగిపోయింది.

"ఆగండాగండి. సినిమాల్లో ఆ విలను గొంతు మీదేనా? అది వింటే మా అమ్మాయి హడలిపోతుంది. ఒక్క డైలాగ్ చెప్పండి."

వెనక్కి చూశాడు. చెప్పండన్నట్టు అందరూ తలలూపారు. పాపం, పని జరుగుతుందని ఆశ. నది అమ్ముకున్నవాళ్లను నిలదీసిన మాటలే చెప్పాడు, అక్షరం పొల్లుపోకుండా. అధికారి ఫోన్లో రికార్డు చేసుకుని చప్పట్లు కొట్టాడు. వంతెన మాత్రం పైవాళ్ల నిర్ణయమన్నాడు.

"ఏమన్నారండీ?" అంది భార్య గుమ్మంలోనే.

"బాగా చెప్పానన్నారు."

ఇల్లు పోయింది. ఊరి చివర ఇరుకు గదుల్లోకి మారారు. మరో సినిమాకు పిలుపొస్తే, రెండు బస్సులు మారి స్టూడియోకి వెళ్లాడు.

"ఈసారి విలను వద్దయ్యా. మేడలు కూలుతుంటే కింద పరిగెత్తే జనం ఉంటారుగా, వాళ్లలో నన్ను వెయ్యి."

"మీ స్థాయికి గుంపులో కేకలేంటి గురువుగారూ?"

"వాళ్లూ అరవాలిగా."

ఒక్క మైకు చుట్టూ అయిదారుగురు నిలబడి అరిచారు.

"మీ గొంతొక్కటే పైకి తేలుతోంది" అన్నాడు దర్శకుడు. "కాస్త వెనక్కి జరగండి."

ఆయన గోడదాకా జరిగాడు.