అంచులో ఆకుపచ్చ పోగు

మా నాన్న జన్మకల్లా ఒక్కసారే పోలీసుల చేతికి చిక్కాడు. అదీ నిజం చెప్పి.

డెబ్భైల మొదట్లో సంగతి. మాది మంగళగిరి. ఇంట్లో ఒక గుంటమగ్గం, దాని మీదే మా బతుకు. ఊళ్లోని షావుకారు నూలు ఇస్తే నాన్న చీరలు నేసేవాడు. షావుకారు ఒక్కో చీర మడత విప్పి చూసుకున్నాక, నాన్నే మూట భుజాన వేసుకుని బస్సెక్కి, బెజవాడ వన్ టౌన్‌లోని టోకు కొట్టుకు చేరవేసేవాడు. ఆ వారం షావుకారు ఎవరిదో పెళ్లికని పొరుగూరు వెళ్తూ, ఈసారికి నేరుగా కొట్టుకు వేసేయమని చెప్పిపోయాడు.

ఆ మాట విని లోలోపల ఎంత సంబరపడ్డానో! ఆ చీరల్లో నా తప్పొకటుంది మరి. పాత పడుగు నేయడం అయిపోయాక, మగ్గం మీద పోగుల్ని దువ్వెనలా పట్టి ఉంచే అచ్చులో కాసిని నిలువు పోగుల కొసలు మిగులుతాయి. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా వాటికి అతకాలి. మా ఇంట్లో ఆ పని నాది. కబుర్లలో పడి, ఎర్ర అంచులో ఒకచోట ఆకుపచ్చ పోగు అతికేశాను. పడుగులో పడ్డ తప్పు నేసినంత పొడుగునా వస్తుంది. నాన్న చూశాడో లేదో, ఒక్క మాట అనలేదు. నేనూ నోరు విప్పలేదు.

వన్ టౌన్‌లో అంతకు ముందురోజే ఏదో గోదాంలో చీరల మూట పోయిందట. మూటతో నడిచి వెళ్తున్న నాన్నను ఒక కానిస్టేబుల్ ఆపాడు.

"ఎవరివిరా ఇవి?"

"మావి కావండి."

"మరెవరివి?"

"షావుకారు గారివండి."

ఇంకేం, కాలరు పట్టుకుని స్టేషన్‌కు నడిపించాడు. ఆ కాలరు సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ మా కట్టుబాటు అతనికేం తెలుసు? మా ఇళ్లల్లో నూలు ఎవరిదో చీర వాళ్లదే. రెక్కలు ముక్కలు చేసుకుని నేసినా సరే, దాన్ని మాది అనడానికి నోరు రాదు.

ఈ కబురు మోసుకొచ్చింది వన్ టౌన్‌లో తోపుడుబండి తోసుకునే మనిషి. నాన్నకు ముఖపరిచయం, అంతే. బండిని ఏదో కొట్టు ముందు వదిలేసి, బస్సెక్కి, మా వీధి వెతుక్కుంటూ వచ్చాడు.

"పెద్దాయన్ని స్టేషన్లో కూచోబెట్టారమ్మా. సాయంత్రం ఎస్సైగారొస్తే కేసు రాసేస్తారంట. తొందరగా రండి" అన్నాడు.

కేసు రాస్తే కోర్టుకు పంపుతారు. రేపు అక్కడ దొంగ కాదని తేలినా, పడ్డ పేరు పోతుందా? దొంగ అన్నవాడి ఇంటికి ఎవరు నూలిస్తారు? సాయంత్రంలోగా ఆయన బయటపడితేనే మా మగ్గం ఆడుతుంది. మూడిళ్ల అవతల ఉండే మా మేనమామ దగ్గరికి అమ్మ పోతే, నిప్పు లేనిదే పొగ రాదని గొణిగి తలుపేసుకున్నాడు. అమ్మ ఇక ఎవరినీ అడగకుండా, పొద్దున్నే ఊరి నుంచి వచ్చిన షావుకారింటికి పరిగెత్తింది. నేను బండిమనిషి వెంట బెజవాడ బస్సెక్కాను.

స్టేషన్ అంటే నాకు తెలిసిందల్లా లాఠీ, తిట్లు. గుమ్మంలోనే నోరు పారేసుకున్నాను. "దొంగల్ని పట్టుకోవడం చేతగాక పెద్దాళ్లని పట్టుకొస్తారా?" అని అరిచేసరికి కాపలా పోలీసు బిత్తరపోయాడు. లోపల్నుంచి నెరిసిన మీసాల హెడ్ కానిస్టేబుల్ ఒకాయన వచ్చాడు. అయిపోయాననుకున్నాను.

"అరవడం అయిందా అమ్మాయ్? అయితే ఇట్లా కూచో. మీ నాన్న లోపల బల్ల మీద ఉన్నాడు, టీ కూడా తాగాడు. లాకప్పులో పెట్టలా. ఇక్కడికొచ్చాక ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలా. ఇప్పుడు నేను చెప్పేది విను."

ఎవరి చేతిలో ఏముందో చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. రాసేది రైటరు. వదలాలన్నా, పంపాలన్నా ఎస్సైగారే. ఎస్సైగారు అడిగేది ఒకటే, ఈ చీరలు ఈయన దగ్గరికి ఎట్లా వచ్చాయని.

"కొట్టువాళ్లని అడిగించా. మూట మాదాకా రాలా, ఎవరిదో మేమెట్లా చెప్తాం అన్నారు. ఆయనే నేశాడనడానికి ఏదన్నా గుర్తుందా తల్లీ?"

గుర్తంటే ఉంది. అది బయటపెడితే షావుకారు మళ్లీ మా గడప తొక్కుతాడా? దాస్తే నాన్న ఏమవుతాడు?

"ఉందండీ. అంచులో ఒక పోగు తప్పు. నేనే చేశాను. మగ్గం మీద మిగిలిన కొసల్లో కూడా ఉంటుందండీ" అన్నాను. ఏడుపు ఆగలేదు.

పక్కనే నిలబడ్డ బండిమనిషి "ఏడవమాకమ్మా, నేను పోయి మీ అమ్మకు చెప్తా" అని, నేను జవాబు చెప్పేలోగానే బస్టాండు దారి పట్టాడు.

పొద్దు వాలేవేళకు అమ్మ, షావుకారు, బండిమనిషి ముగ్గురూ వచ్చారు. "మీరు లేస్తేనే నేనూ లేస్తా" అని షావుకారింటి అరుగు మీద కూచుని ఆయన్ను కదిలించిందట మా అమ్మ. ఆమె చేతుల్లో పాతచీరలో చుట్టిన అచ్చు ఉంది, మిగిలిన కొసలతో సహా. ఎస్సైగారి బల్ల మీద హెడ్ ఒక చీర పరిచి, పక్కన అచ్చు పెట్టి, అంచు నుంచి పోగులు చూసుకుంటూ వచ్చాడు. చీరలో ఆకుపచ్చ పోగు ఎక్కడుందో అచ్చులోనూ సరిగ్గా అక్కడే ఉంది.

ఎస్సైగారు నోరు తెరిచేలోగా షావుకారు అందుకున్నాడు.

"ఇదేందయ్యా! ఇంత తప్పు పెట్టుకుని నా పేరు మీద కొట్టుకేస్తావా? ఒక్కవారం నేను ఊళ్లో లేకపోతే ఇదా నువ్వు చేసే నిర్వాకం?"

ఎక్కడున్నాడో కూడా మర్చిపోయాడు మహానుభావుడు. హెడ్ నవ్వాపుకోలేకపోయాడు. "ఇంకేం కావాలి సార్? సొంత సరుకు కాకపోతే ఇంత మంట ఉండదు" అన్నాడు. ఎస్సైగారు కూడా నవ్వేసి, కేసు అవసరం లేదన్నారు.

నేను హెడ్ గారి కాళ్లకు దండం పెట్టబోతే, "చాల్లే, ఇందాక తిట్టినదానికి సరిపోయింది" అన్నాడు. ఖాకీ తొడుక్కున్న వాళ్లందర్నీ ఒకే గాటన కట్టడం ఆ రోజుతో మానేశాను. మేనమామ తలుపేసుకున్న రోజున, మా కోసం పని మానుకుని కృష్ణ అటూ ఇటూ దాటిన మనిషి పేరైనా నేను అడగలేదు. ఇప్పటికీ తోపుడుబండి ఎదురైతే పక్కకు తప్పుకుని దారిస్తాను.

మూట తిరిగి ఇచ్చేముందు రైటరు కాగితం తీశాడు. "చీరలు ఎవరివని రాయమంటారు?"

"ఈసారి కాస్త చూసుకుని చెప్పండి పెద్దాయనా" అన్నాడు హెడ్.

నాన్న షావుకారు వంక చూశాడు. షావుకారు ఇంకా బుసకొడుతూనే, "చెప్పవయ్యా, నువ్వు నేసినవేగా!" అన్నాడు.

నాన్న మూట మీద చెయ్యి వేశాడు.

"మావేనండి" అన్నాడు మెల్లగా. "ఆ ఆకుపచ్చ పోగు మా అమ్మాయిదండి. పడుగు ఎక్కించిన రోజే చూశా. తీసేస్తే పిల్ల చిన్నబుచ్చుకుంటదని అట్టాగే నేశా."