గొంగడి మీద చెప్పే పేరు

గిద్దలూరులో బస్సెక్కి కూర్చుని, ప్రూఫులు ఒళ్లో పెట్టుకున్నాను. అవి కథల్లో నిలిచిపోయిన రాణుల మీద నేను రాసిన పుస్తకానివి. పక్కసీట్లో గొర్రెలు మేపే అవ్వ ఒకామె అవేంటని అడిగితే చెప్పాను.

"మా రాణి ఉందా అందులో? కరువులో కాళ్ల కడియాలు తీసిచ్చి మా మందలకు బావి తవ్విచ్చినామె."

ఆ కథ నేనెక్కడా చదవలేదు. పెన్ను తీసి రాణి పేరు అడిగాను.

"బస్సులో చెప్పకూడదు నాయనా. గొంగడి పరిచి, దాని మీద కూర్చోనే ఆమె పేరు తల్చాల. కొమరోలులో దిగు, మా ఇంటికాడ చెప్తా."

"పేరొక్కటే కదవ్వా" అని రెండు మూడుసార్లు బతిమాలాను. తల అడ్డంగా ఊపింది.

కొమరోలులో దిగి, గొంగడి భుజాన వేసుకుని, బస్సు కదిలేదాకా నా కిటికీ వైపే చూస్తూ నిలబడింది. నేను తల వంచుకుని ప్రూఫులు దిద్దుకున్నాను.

పుస్తకం ఆ రాణి లేకుండానే వచ్చింది. మనసు ఒప్పక, ఏడాది తర్వాత కొమరోలు వెళ్లాను. బస్టాండు టీకొట్టులో అవ్వ పోలికలన్నీ చెప్పి, ఇల్లెక్కడని అడిగాను.

"అట్లాంటి అవ్వలు శానామంది ఉండారు సార్" అన్నాడు కొట్టతను. "ఆమె పేరేంది?"